ఉచితంగా వెళ్లడమా, డబ్బు తెచ్చిపెట్టి వెళ్లడమా, ఉండిపోవడమా: ఏది మేలు?

2025 మే 11, ఆదివారం. రాత్రి పదిన్నర కావస్తోంది. లివర్‌పూల్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్, ఆర్సెనల్ ఫుట్‌బాల్ మ్యాచ్ నడుస్తోంది. లీగ్ టైటిల్ రెండు వారాల ముందే లివర్‌పూల్‌కి ఖాయమైంది కాబట్టి మాకు టెన్షన్ ఏమీ లేదు. రెండో సగంలో ట్రెంట్ అలెగ్జాండర్-ఆర్నాల్డ్ సబ్‌స్టిట్యూట్‌గా లోపలికి వచ్చాడు. ఆ క్షణం నుంచి బంతి అతని కాలికి తగిలిన ప్రతిసారీ స్టేడియం 'బూ' అంటూ హోరెత్తింది. సొంత ఊరు, సొంత మైదానం, సొంత జనం. మా తమ్ముడు ఒంటి మీద ఉన్నది ట్రెంట్ జెర్సీయే, వెనక 66 నంబరు. వాడు ఏమీ మాట్లాడలేదు. రిమోట్ తీసుకుని సౌండ్ తగ్గించాడు.

ఆరేళ్ల వయసులో ఆ క్లబ్ అకాడమీలో చేరి, ఇరవై ఏళ్లు అక్కడే పెరిగిన కుర్రాడతను. 2019లో బార్సిలోనా మీద చాంపియన్స్ లీగ్ (యూరప్ క్లబ్బుల అతిపెద్ద కప్పు) సెమీఫైనల్ గుర్తుందా? మొదటి మ్యాచ్ 3-0తో ఓడిపోయి వచ్చి, ఆన్‌ఫీల్డ్‌లో 4-0తో గెలిచిన రాత్రి. నాలుగో గోల్ ముందు కార్నర్ దగ్గర బంతి పెట్టి, ఇంకొకరికి వదిలేస్తున్నట్టు రెండడుగులు పక్కకు వేసి, గిరుక్కున తిరిగి కొట్టింది ఇతనే. బార్సిలోనా ఆటగాళ్లు ఇటు చూసేలోపే ఒరిగీ గోల్ కొట్టేశాడు. ఆ ఏడాది చాంపియన్స్ లీగ్, తర్వాత 2020లోను, 2025లోను లీగ్ టైటిళ్లు. అలాంటివాడు ఆ మ్యాచ్‌కి ఆరు రోజుల ముందు, కాంట్రాక్ట్ అయిపోగానే వెళ్లిపోతున్నానని చెప్పాడు. చేరబోయేది రియల్ మాడ్రిడ్‌లో అని అందరికీ తెలుసు. 2018లో, 2022లో లివర్‌పూల్‌ని చాంపియన్స్ లీగ్ ఫైనల్లో ఓడించిన జట్టు అదే. రెండు ఫైనల్స్‌లోనూ ట్రెంట్ ఆడాడు.

ఆ రాత్రి మొదలైన వాదన మా ఇంట్లో ఇంకా నడుస్తూనే ఉంది. ఆటగాడికి ముందున్న దారులు మూడు. కాంట్రాక్ట్ చివరిదాకా ఆగి ఉచితంగా వెళ్లడం, కాంట్రాక్ట్ మిగిలి ఉండగానే క్లబ్‌కి ఫీజు (కొనే క్లబ్ కట్టే ధర) తెచ్చిపెట్టి వెళ్లడం, అసలు వెళ్లకపోవడం. వీటిలో ఏది మేలు? ఎవరికి మేలు?

ఉచితంగా వెళ్లే హక్కు ఊరికే రాలేదు. జాన్-మార్క్ బోస్మన్ అనే బెల్జియం ఆటగాడికి 1990లో కాంట్రాక్ట్ అయిపోయింది. ఫ్రాన్స్‌లోని డంకర్క్ క్లబ్‌కి వెళ్దామనుకున్నాడు. లీజ్ అనే పాత క్లబ్ మాత్రం ఫీజు కడితే గానీ వదలనంది. కాంట్రాక్ట్ లేకపోయినా మనిషిని పట్టి ఉంచడమే అది. ఐదేళ్లు కోర్టుల చుట్టూ తిరిగాక, 1995 డిసెంబర్ 15న యూరప్ న్యాయస్థానం అతని వైపు తీర్పు చెప్పింది. ఆ తీర్పు ఫలం తర్వాతి తరాలు తిన్నాయి. అతని సొంత కెరీర్ మాత్రం ఆ గొడవలోనే కరిగిపోయింది. కాబట్టి ఎవరైనా "ఫ్రీగా పోయాడు, ద్రోహి" అన్నప్పుడల్లా నాకు బోస్మన్ గుర్తొస్తాడు. ఉద్యోగి గడువు తీరాక వేరే చోటికి వెళ్లడం తప్పెలా అవుతుంది?

అయినా ఆ కోపం నాకు అర్థమవుతుంది. ఉచితంగా వెళ్లాలంటే ఆఖరి ఏడాది మౌనంగా ఉండాలి. ఉంటానని చెప్పలేడు, పోతానని చెప్పడు. ఆ సీజన్‌లో సలా, వాన్ డైక్, ట్రెంట్ ముగ్గురి కాంట్రాక్టులూ ఒకేసారి ముగింపుకొచ్చాయి. ఏప్రిల్‌లో మిగతా ఇద్దరూ కొత్త కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టారు. ఇక అందరి చూపూ మూడోవాడి మీదే. మా తమ్ముడైతే రోజూ పొద్దున లేవగానే ముందు ఆ వార్తే వెతికేవాడు. చివరికి క్లబ్ వరల్డ్ కప్ కోసం నెల ముందే కావాలని మాడ్రిడ్ అడిగింది కాబట్టి లివర్‌పూల్‌కి దాదాపు కోటి యూరోలు దక్కాయి. లేకపోతే ఇరవై ఏళ్ల పెంపకానికి చేతికొచ్చేది సున్నా. ఫీజు లేనప్పుడు కొనే క్లబ్ ఆ డబ్బులో కొంత జీతంగానో సంతకం బోనస్‌గానో ఆటగాడికే ఇవ్వగలదు. ఫ్యాన్స్‌కి మండేది అక్కడే.

ఇందులో క్లబ్ తప్పు కూడా సగం ఉంది. 2021లో రాసుకున్న కాంట్రాక్ట్ 2025లో అయిపోతుందని వాళ్లకి మొదటి రోజునుంచీ తెలుసు. 2023లోనే కూర్చుని కొత్త కాంట్రాక్టో అమ్మకమో తేల్చేసి ఉంటే ఇంతదూరం వచ్చేది కాదు. స్టేడియంలో అరిచినవాళ్లు మాత్రం ఆఫీసులో కూర్చున్నవాళ్ల మీద అరవలేదు. కనిపించేది ఆటగాడు కాబట్టి తిట్లూ అతనికే.

ఈ దారిలో అందరికంటే ఘోరంగా తిట్లు తిన్నది సోల్ క్యాంప్‌బెల్. టాటెన్‌హామ్‌లో పెరిగాడు, కెప్టెన్ అయ్యాడు. 2001లో కాంట్రాక్ట్ అయ్యాక ఉచితంగా వెళ్లి చేరింది మరో దేశంలో కాదు, కొన్ని మైళ్ల దూరంలో ఉన్న బద్ధశత్రువు ఆర్సెనల్‌లో. జూలైలో ఆర్సెనల్ ప్రెస్ మీట్‌కి వచ్చిన విలేకరులు కొత్త గోల్‌కీపర్ రిచర్డ్ రైట్‌ని చూడబోతున్నాం అనుకున్నారు. లోపలికి నడిచి వచ్చింది క్యాంప్‌బెల్. ఆ నవంబర్‌లో పాత మైదానానికి వెళ్తే జుడాస్, అంటే నమ్మకద్రోహి, అని రాసిన అట్టలు పట్టుకుని నిలబడ్డారు. ఆట లెక్కలో చూస్తే అతని నిర్ణయం నూటికి నూరుపాళ్లు సరైనదే. మొదటి ఏడాదే లీగ్, ఎఫ్.ఏ. కప్ రెండూ వచ్చాయి. 2003-04లో 38 మ్యాచుల్లో ఒక్కటీ ఓడని జట్టులో అతనున్నాడు. ఆ టైటిల్ ఖాయమైంది కూడా టాటెన్‌హామ్ మైదానంలోనే. ట్రోఫీలు కావాల్సినన్ని వచ్చాయి, కానీ పుట్టి పెరిగిన ఇల్లు లాంటి క్లబ్ ఆ తర్వాత అతన్ని తనవాడిగా చూడలేదు. ఆ లాభం, ఈ నష్టం ఒకే తరాజులో వేసి తూచడం నావల్ల కాదు.

అదే టాటెన్‌హామ్‌లో రెండో దారి చూపించినవాడు హ్యారీ కేన్. ఆ క్లబ్ చరిత్రలో అందరికంటే ఎక్కువగా 280 గోల్స్ కొట్టాడు. ఒక్క ట్రోఫీ లేదు. 2021లో మాంచెస్టర్ సిటీకి వెళ్లాలని గట్టిగా ప్రయత్నించినప్పుడు సొంత ఫ్యాన్స్‌కే కోపం వచ్చింది. అప్పటికి కాంట్రాక్ట్ ఇంకా మూడేళ్లుంది, వెళ్లాలనుకున్నదేమో అదే లీగ్‌లోని జట్టుకి. రెండేళ్లు ఆగి, 2023 ఆగస్టులో, ఇంకా ఏడాది కాంట్రాక్ట్ ఉండగా బయర్న్ మ్యూనిక్‌కి వెళ్లాడు. క్లబ్‌కి దాదాపు పది కోట్ల యూరోలు వచ్చాయి. దేశం వేరు, లీగ్ వేరు. మరుసటి వేసవిలో బయర్న్‌తో ఫ్రెండ్లీ మ్యాచ్ ఆడడానికి అదే స్టేడియంకి వస్తే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మనిషి మారలేదు. మారింది ఎప్పుడు, ఎక్కడికి, ఎంతకు అన్న మూడే.

కేన్ కథలో నన్ను బాగా కదిలించేది 2025 మే నెల. బయర్న్‌తో అతనికి తొలి లీగ్ టైటిల్ దక్కింది. అదే నెల 21న, అతను లేని టాటెన్‌హామ్ బిల్బావోలో యూరోపా లీగ్ గెలిచింది. 17 ఏళ్ల తర్వాత ఆ క్లబ్‌కి వచ్చిన మొదటి ట్రోఫీ అది. ఇద్దరి ఎదురుచూపూ ఒకే నెలలో తీరింది, కానీ విడివిడిగా.

అయితే డబ్బు వస్తే చాలు, కోపం ఉండదు అనుకుంటే పొరపాటు. ఫీగో 2000లో బార్సిలోనా నుంచి రియల్ మాడ్రిడ్‌కి వెళ్లినప్పుడు బార్సిలోనాకి వచ్చింది అప్పటికి ప్రపంచ రికార్డు, దాదాపు ఆరు కోట్ల యూరోలు. క్లబ్ ఖజానా నిండింది, జనం గుండె మండింది. 2002 నవంబర్‌లో అతను బార్సిలోనా మైదానం క్యాంప్ నౌలో కార్నర్ కొట్టడానికి వెళ్తే సీసాలు విసిరారు. ఒక పంది తల కూడా వచ్చి పడింది. రిఫరీ ఆటని కాసేపు ఆపాల్సి వచ్చింది. మనిషి మీదకి వస్తువులు విసిరే కోపాన్ని నేను ఏ రకంగానూ సమర్థించను, అది ప్రేమ కాదు. వాన్ పెర్సీ సంగతి ఇంత దూరం పోలేదు గానీ నొప్పి అదే. 2012లో ఆర్సెనల్‌కి 2.4 కోట్ల పౌండ్లు తెచ్చి మాంచెస్టర్ యునైటెడ్‌లో చేరాడు. ఆ సీజన్ చివర్లో చాంపియన్‌గా పాత మైదానానికి వస్తే, పాత సహచరులే రెండు వరసల్లో నిలబడి గౌరవంగా లోపలికి సాగనంపాల్సి వచ్చింది.

ఇక ఉండిపోవడం. ఇటలీలో తొత్తి 25 సీజన్లు రోమా క్లబ్‌కే ఆడాడు. 786 మ్యాచులు, 307 గోల్స్, ఒకే ఒక్క లీగ్ టైటిల్, 2001లో. రియల్ మాడ్రిడ్ పిలిచినా పోలేదు. 2017 మే 28న ఆఖరి మ్యాచ్ అయ్యాక, నలభై ఏళ్ల వయసులో, పిల్లల పక్కన నిలబడి ఉత్తరం చదువుతూ నాకు భయంగా ఉందని చెప్పాడు. స్టేడియం మొత్తం ఏడ్చింది. కానీ ఆ ఏడాది అతను ఎక్కువగా బెంచీ మీదే కూర్చున్నాడన్నది కూడా నిజం. ఉండిపోయినవాడికి క్లబ్ ఏమీ రాసివ్వదు.

జెరార్డ్ పేరు చెప్పకుండా లివర్‌పూల్ అభిమాని ఎవరూ ఈ వాదన ముగించరు. లివర్‌పూల్ కెప్టెన్‌గా 2005 మేలో ఇస్తాంబుల్‌లో చాంపియన్స్ లీగ్ కప్పు ఎత్తాడు. జూలైలో వెళ్లిపోతున్నాడని వార్త రాగానే అతని జెర్సీని తగలబెట్టారు. మర్నాడే మనసు మార్చుకుని ఉండిపోయాడు. ఆరు వారాల్లో పూజ, మంట, మళ్లీ పూజ. లీగ్ టైటిల్ మాత్రం ఎప్పటికీ అతని చేతికి అందలేదు. 2014లో టైటిల్‌కి దగ్గర్లో ఉండగా చెల్సీ మీద ఆడుతూ కాలు జారిన ఆ క్షణాన్ని ఎదుటి జట్ల ఫ్యాన్స్ ఇప్పటికీ పాటగా పాడుతుంటారు.

క్లబ్ వైపు నమ్మకద్రోహం ఎలా ఉంటుందో హైదరాబాద్ వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఆట వేరైనా వార్నర్ కథ ఇదే. 2016లో సన్‌రైజర్స్‌కి ఐపీఎల్ కప్పు తెచ్చిన కెప్టెన్. 2021లో సీజన్ మధ్యలో కెప్టెన్సీ తీసేసి, తర్వాత జట్టులోంచే తప్పించారు. మరుసటి ఏడాది ఢిల్లీ తరఫున అదే సన్‌రైజర్స్ మీద 92 నాటౌట్ కొడితే, మన జట్టు ఓడుతున్నా లోపల సంతోషించినవాళ్లు మా వీధిలోనే చాలామంది. అప్పుడు ఎవరూ ఆటగాడిని తిట్టలేదు.

హైదరాబాద్ నుంచే కలకత్తా వెళ్లిన మహమ్మద్ హబీబ్‌ది ఇంకో రకం. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్, ఆ మూడు క్లబ్బులకూ మార్చి మార్చి ఆడాడు. ఒకరి ముఖం ఒకరు చూడని ఫ్యాన్స్ వాళ్లు. 1977లో పెలే కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌కి వస్తే, మోహన్ బగాన్ తరఫున ఆ మ్యాచ్‌లో గోల్ కొట్టిందీ హబీబే. అయినా మూడు వైపులవాళ్లకీ ఆయన బడే మియానే. నాకు తోచిన కారణం ఒకటే. ఏ ఏడాది ఏ జెర్సీ వేసుకుంటే ఆ జెర్సీకి ఒంట్లో ఉన్నదంతా ఇచ్చేవాడు, జీవితాంతం మీ దగ్గరే ఉంటానని ఎవరికీ మాటివ్వలేదు.

కాబట్టి నా తీర్పు ఇది. ఉండిపోవడం అన్నిటికంటే గొప్పది, కానీ అది ఆటగాడు తనంతట తాను ఇవ్వాల్సిందే. మనం అడిగి తీసుకునేది కాదు. వెళ్లాలనుకుంటే కేన్ దారే మేలు: ఏడాదో రెండేళ్లో కాంట్రాక్ట్ ఉండగానే, వేరే దేశానికి, క్లబ్‌కి ఇంకొకర్ని కొనుక్కునే డబ్బు ఇచ్చి. ఉచితంగా వెళ్లడం నా లెక్కలో మూడోది, క్లబ్బే వద్దనుకున్నప్పుడు తప్ప. మా తమ్ముడు దీనికి ఒప్పుకోడు. "డబ్బు ఎవడిక్కావాలి అన్నా, ముందే ఒక్క మాట చెప్తే సరిపోయేది" అంటాడు.

మే 25న ఆఖరి మ్యాచ్‌లో ట్రెంట్ మళ్లీ వచ్చినప్పుడు ఆన్‌ఫీల్డ్ చప్పట్లు కొట్టింది. ట్రోఫీ ఇచ్చే రోజు కదా. నవంబర్ 4న మాడ్రిడ్ తెల్ల జెర్సీలో వచ్చినప్పుడు మళ్లీ 'బూ'. మనకి అప్పటికి తెల్లవారుజాము మూడు దాటింది. లివర్‌పూల్ 1-0తో ముందుంది. మా తమ్ముడు వేసుకున్నది 66 కాదు, పేరు లేని ఎర్ర జెర్సీ. ఈసారి రిమోట్ ముట్టుకోలేదు.