గార్డెనర్స్ వరల్డ్ 16 ఏళ్ళు చూశాక: ప్రెజెంటర్ల గొడవ మీద నా అభిప్రాయం

2009 వసంతంలో ఇంగ్లండ్‌లో మేము చేరిన ఇంటికి వెనకాల చిన్న జాగా ఉంది. అంతా బంకమట్టి, ఓ మూల పాత షెడ్డు, మిగతాదంతా కలుపు. మొక్కల గురించి అప్పటికి నాకు తెలిసింది నీళ్ళు పోయడం ఒక్కటే. ఆ ఏడాదే బీబీసీలో వచ్చే గార్డెనర్స్ వరల్డ్ అనే తోటపని కార్యక్రమం చూడటం మొదలుపెట్టాను. అప్పటి నుంచి సీజన్ నడిచినన్నాళ్ళూ శుక్రవారం సాయంత్రం బీబీసీ టూ ముందే ఉంటాను, స్నూకర్ పోటీలొచ్చి దీన్ని పక్కకు నెట్టేసే వారాలు తప్ప. ఆ వారాల్లో నాకు నిజంగా ఒళ్ళు మండుతుంది. ఏప్రిల్ చివర్లో, విత్తనం వేయాలా ఇంకో వారం ఆగాలా అని తల పట్టుకునే రోజుల్లోనే కార్యక్రమం మాయమైతే ఎలా చెప్పండి?

ఈ కార్యక్రమం మాట ఎక్కడ వచ్చినా రెండు నిమిషాల్లో చర్చ దాని ముఖ్య ప్రెజెంటర్ మాంటీ డాన్ మీదికి మళ్ళుతుంది. ఆయన గొంతు వింటే వారమంతా పడిన అలసట దిగిపోతుందని కొందరంటారు. కవిత్వం చెప్పినట్టు చెబుతాడు కానీ పని నేర్పడు, అదీగాక ఆయనేమీ తోటపని చదువుకున్నవాడు కాదు అని ఇంకొందరు. ఆ రెండో మాట నిజమే. ఆయన కేంబ్రిడ్జ్‌లో చదివింది ఇంగ్లీషు, టీవీకి రాకముందు భార్యతో కలిసి నగల వ్యాపారం చేసి దెబ్బతిన్నాడు, తోటపని సొంతంగా నేర్చుకున్నాడు. ఇవన్నీ తనే బాహాటంగా చెప్పుకున్నాడు. చదువుకోకపోవడం లోపమా కాదా అన్న దగ్గరే జనం రెండుగా చీలిపోతారు.

నేను మొదలుపెట్టినప్పుడు ప్రెజెంటర్ మాంటీ కాదు, టోబీ బక్లాండ్. 2008లో మాంటీ అనారోగ్యంతో తప్పుకున్నాక వచ్చాడు, 2010 చివరి దాకా ఉన్నాడు. బర్మింగ్‌హామ్‌లో ఒక ఆటస్థలాన్ని తీసుకుని గ్రీనేకర్ అనే తోటను మొదటి నుంచీ కట్టారు. పాత ప్రేక్షకులకు అది అస్సలు నచ్చలేదు. తోటలా లేదు, సెట్టింగులా ఉంది అన్నారు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది, ఎందుకంటే నా జాగా కూడా అంతే బోసిగా ఉండేది. పార ఎక్కడ దించాలో, గునపం ఎప్పుడు వాడాలో అక్కడే చూసి నేర్చుకున్నాను. అందుకే ఆయన్ని తీసేశారని తెలిసినప్పుడు చాలా బాధపడ్డాను, 2011లో మాంటీ తిరిగొచ్చి హెర్‌ఫర్డ్‌షైర్‌లోని తన సొంత తోట లాంగ్‌మెడో నుంచి చూపించడం మొదలుపెట్టినప్పుడు చాలా వారాలు మూతి ముడుచుకునే చూశాను. రెండెకరాల తోట, బారులు తీరిన కంచె మొక్కలు, పేరున్న గదుల్లా విడివిడి తోటలు. "ఆ రెండెకరాలు చూసి మన జానెడు జాగాలో ఏం చేస్తావు" అన్నారు మా ఆయన. అప్పట్లో నా దగ్గర జవాబు లేదు.

మా పక్కింటి పెద్దాయనకైతే తోటపని కార్యక్రమం జెఫ్ హామిల్టన్‌తోనే అయిపోయింది. 1979 నుంచి 1996 దాకా గార్డెనర్స్ వరల్డ్‌కి ముఖం ఆయనే, రట్లాండ్‌లోని బార్న్స్‌డేల్ తోట నుంచి చేసేవాడు. 1996 ఆగస్టులో వేల్స్‌లో ఒక చారిటీ సైకిల్ యాత్రలో గుండెపోటుతో పోయాడు, అప్పటికి 59 ఏళ్ళే. పెద్దాయన ఆ సంగతి ఇప్పటికీ సొంత అన్న గురించి చెప్పినట్టు చెబుతారు. డబ్బు ఖర్చు లేకుండా చెత్త చెక్కలతో, పాత సామానుతో తోటకు కావాల్సినవి ఎలా చేసుకోవచ్చో చూపించేవాడట. ఆయన మాటలు విని విని ఒక వేసవిలో మేము బార్న్స్‌డేల్ వెళ్ళాం, ఇప్పుడది జనం చూడటానికి తెరిచే ఉంది. 30కి పైగా చిన్న చిన్న తోటలు ఒకే చోట. వాటిలో రెండు కాటేజ్ తోటలు ఉన్నాయి, ఒకటి డబ్బున్నవాళ్ళకి, ఒకటి చేతిపనితో, పొదుపుగా చేసుకునేవాళ్ళకి. నేను రెండో దాంట్లో చాలాసేపు నిలబడిపోయాను. ఆ కొలత నా జాగాకి సరిపోయే కొలత. మాంటీని తిట్టేవాళ్ళలో సగంమంది నిజానికి జెఫ్ కోసం బెంగపెట్టుకున్నవాళ్ళేనని నాకు అక్కడే తట్టింది.

ఈ బెంగ ప్రతి తరంలోనూ ఉంది. జెఫ్ కంటే ముందు పెర్సీ త్రోవర్. టై కట్టుకుని, నోట్లో పైపు పెట్టుకుని, కోటు తీసి కొక్కేనికి తగిలించి మరీ పనిలోకి దిగేవాడు. 1968లో కార్యక్రమం మొదలైన కొత్తల్లోనే వచ్చాడు, 1976లో ఐసీఐ కంపెనీ తోట మందుల ప్రకటనలు చేసినందుకు బీబీసీ తప్పించింది. ఆయన నిస్సంకోచంగా మందులు కొట్టమనేవాడు, జెఫ్ పోనుపోను సేంద్రియం వైపు మళ్ళాడు, మాంటీ అయితే మొదటి నుంచీ మందులు వద్దనే మనిషి, సేంద్రియ సాగుని ప్రోత్సహించే సాయిల్ అసోసియేషన్‌కి అధ్యక్షుడిగా కూడా పనిచేశాడు. మధ్యలో 1996 నుంచి 2002 దాకా ఆలన్ టిచ్‌మార్ష్. చెప్పింది చెప్పినట్టు అర్థమయ్యేలా, నవ్వుతూ నేర్పేవాడని ఆయన్ని ఇష్టపడేవాళ్ళు ఇప్పటికీ లెక్కలేనంత మంది. అదే మనిషి గ్రౌండ్ ఫోర్స్ అనే ఇంకో టీవీ కార్యక్రమంలో రెండు రోజుల్లో తోట మార్చేసి చూపించాడు కాబట్టి ఊరూరా తోటలో డెక్కింగ్, అంటే చెక్క పలకల నేల, వేయించే పిచ్చి ఎక్కిందని కోప్పడేవాళ్ళూ ఉన్నారు. రెండు రోజుల్లో తోట తయారవుతుందనే ఆశ పెట్టడం నాకూ నచ్చదు. ప్రేక్షకులకు దానివల్ల నష్టమే జరిగిందని నా నమ్మకం.

ఇక నా సొంత అనుభవం చెప్పాలి. ఒక కార్యక్రమంలో, దాని పేరు ఎందుకు లెండి, లావెండర్ నాటడం చూపించారు. గుంత తవ్వి, అడుగున గులకరాళ్ళ లాంటి సన్న కంకర వేసి, మంచి మట్టి కలిపి మొక్క పెట్టమన్నారు. నేను అడుగు లోతు తవ్వాను, సగం బస్తా కంకర పోశాను, కంపోస్ట్ కూడా దండిగా కలిపి మూడు మొక్కలు పెట్టాను. మొదటి వేసవి పూసింది, తేనెటీగలు వచ్చాయి, నేను గాల్లో తేలిపోయాను. చలికాలం వానలు పడ్డాక ఆకులు బూడిద రంగుకి తిరిగి కిందికి వాలాయి. ఫిబ్రవరిలో ఒకదాన్ని పట్టుకుని లాగితే ఏ బలం లేకుండా చేతిలోకి వచ్చేసింది, వేర్లు నల్లగా, మురుగు కంపు, గుంత అడుగున నీళ్ళు. పెద్దాయన కంచె మీంచి చూసి అసలు సంగతి చెప్పారు. చుట్టూ బంకమట్టి ఉన్నప్పుడు మధ్యలో వదులుగా గుంత చేస్తే అది బకెట్ అవుతుంది, చుట్టుపక్కల నీళ్ళన్నీ అందులోకే దిగుతాయి, బయటికి పోయే దారి ఉండదు. గుంత కాదు, దిబ్బ కావాలి. మరుసటి ఏడాది మట్టిలో కంకర కలిపి నేలకి జానెడు పైకి దిబ్బలా పోసి, కంపోస్ట్ జోలికి పోకుండా పైన నాటాను. ఆ మొక్కలు చాలా ఏళ్ళు బతికాయి, వాటి నుంచి తీసిన కొమ్మలతో పెంచినవి ఇప్పటికీ ఉన్నాయి.

టీవీలో చెప్పింది అబద్ధమా అంటే కాదు. నీళ్ళు త్వరగా ఇంకిపోయే తేలిక నేలలో ఆ పద్ధతితో ఏ గొడవా లేదు. కానీ తాము నిలబడ్డది ఏ నేల మీదో చెప్పలేదు. ప్రెజెంటర్ల మీద జరిగే వాదనలన్నీ గొంతు గురించి, బట్టల గురించి, కుక్కల గురించి. నా మటుకు నాకు ఒక్కటే ప్రశ్న: ఈ మనిషి తన మట్టి గురించి నాకు చెబుతున్నాడా, పోయిన ఏడాది చూపించిన మొక్క ఏమైందో మళ్ళీ వచ్చి చూపిస్తున్నాడా? ఈ లెక్కన చూసుకుంటూ పోయేసరికి మాంటీ మీద నా అభిప్రాయం మెల్లగా మారింది. లాంగ్‌మెడోది కూడా బరువైన బంకమట్టే, ఆయన ఆ మాట ఏడాదికి ఎన్నిసార్లు అంటాడో. చలికాలంలో తోటలోకి వరద నీళ్ళు వస్తే అదీ చూపిస్తాడు. అంచుల వెంట కత్తిరించి పెంచే బాక్స్ అనే పొదలకి బ్లైట్ తెగులు పట్టినప్పుడు ఏళ్ళ తరబడి పెంచిన వాటిని పీకి తగలబెట్టాల్సి రావడం మా కళ్ళ ముందే జరిగింది, ఆ ఖాళీల్లో తర్వాత ఏం పెట్టాడో కూడా చూశాం. ఒకే నేలని పదేళ్ళకు పైగా వారం వారం చూడటమంటే మాటలు కాదు. చెట్టు నాటిన రోజు చూసి, అది నీడనిచ్చే రోజు కూడా టీవీలో చూశాను. ఏ రెండు రోజుల కార్యక్రమమూ ఇది ఇవ్వలేదు.

అలాగని ఫిర్యాదులన్నీ కొట్టిపారేయను. గంట నిడివికి పెంచాక సాగదీత ఎక్కువైంది. పువ్వు మీద తేనెటీగ నెమ్మదిగా వాలే దృశ్యం, కింద పియానో, ఇది వారానికి ఒకసారి చాలు. కొమ్మ ఎక్కడ కత్తిరించాలో చూపించే సమయంలో కెమెరా ఆయన ముఖం మీద ఉంటే నాకు కోపం వస్తుంది, నాకు కావాల్సింది కత్తెర మొన, మొగ్గకి ఎంత పైన కోశాడన్నది. చివర్లో వచ్చే మూడు వారాంతపు పనులు కొత్తవాళ్ళకి చాలా ఉపయోగం, పాతవాళ్ళకి ఏటా అదే పాట. ఇంకా, రెండెకరాలకి సహాయం చేసేవాళ్ళు ఉంటారన్నది ఆయన దాచలేదు గానీ తెర మీద వాళ్ళు కనబడకపోవడంతో ఇదంతా ఒక్క మనిషి పనే అనిపిస్తుంది. ఉద్యోగం చేస్తూ ఆదివారం గంటసేపు తోటలోకి వెళ్ళే మనిషి అది చూసి తన చేతగానితనం అనుకుంటాడు. నేను అనుకున్నాను, రెండేళ్ళు.

కుక్కల విషయంలో మాత్రం నేను పూర్తిగా మాంటీ పక్షం. ఆయన కుక్క నైజెల్ బంతి నోట కరుచుకుని వచ్చి తవ్వుతున్న గుంతలోనే పడేయడం సమయం వృథా అనేవాళ్ళకి నేనేం చెప్పను. 2020లో అది పోయినప్పుడు మా ఇంట్లో అందరం ఏడ్చాం.

పీట్ గురించి, అంటే చిత్తడి నేలల నుంచి తవ్వి తీసి కుండీ మట్టిలో కలిపే కుళ్ళిన నాచు గురించి, ఒక్క మాట. పీట్ లేని కంపోస్ట్ వాడమని మాంటీ పట్టుబడితే కొందరికి ఉపన్యాసంలా వినిపిస్తుంది. జెఫ్ కూడా ఆ రోజుల్లోనే ఇదే చెప్పాడని వాళ్ళు మర్చిపోతారు. ఇంటి తోటలకి పీట్ అమ్మకాన్ని 2024కల్లా నిషేధిస్తామని 2022లో ప్రభుత్వం ప్రకటించింది, ఆ గడువు దాటిపోయినా చట్టం రాలేదు. కాబట్టి ప్రెజెంటర్లే చెబుతూ ఉండాలి. నేను మానేసి చాలా ఏళ్ళయింది. పీట్ లేనివి పైపైన ఎండినట్టు కనిపించినా లోపల తడి ఉంటుంది, వేలు పెట్టి చూసి నీళ్ళు పోయాలి, ఇది అలవాటయ్యేదాకా నా నారు కూడా కుళ్ళింది.

ఈ కార్యక్రమంలో కనిపించిన మిగతా ప్రెజెంటర్లలో నాకు అందరికంటే ఎక్కువ నేర్పింది క్యారల్ క్లైన్. గోలగా మాట్లాడుతుంది, ఉత్సాహం ఎక్కువ అంటారు. ఆవిడ డెవన్‌లోని తన తోటలో విత్తనాలు ఎండుకాయ నుంచి అరచేతిలోకి రాల్చి, ఊకని ఊది, మిగిలినవి కుండీలో పలచగా చల్లడం ఒక్కసారి చూడండి, గొంతు సంగతి మర్చిపోతారు. ఆ చేతులు కెమెరాకి దగ్గరగా ఉంటాయి, నాకు కావాల్సింది అదే.

ఇంకా సూటిగా నేర్చుకోవాలంటే స్కాట్లండ్ వాళ్ళ బీచ్‌గ్రోవ్ అనే టీవీ కార్యక్రమం చూడండి. 1978లో అబర్డీన్‌లో మొదలైంది, దాని ప్రెజెంటర్ జిమ్ మెకాల్ అప్పటి నుంచి 2019 దాకా దాంతోనే ఉన్నాడు. ఒకే కూరగాయలో నాలుగు రకాలు పక్కపక్కన వేసి, సీజన్ చివర్లో ఏది కాసింది ఏది కాయలేదు అని చెప్పేస్తారు, అలంకారాలేవీ ఉండవు. అక్కడి చలికి తగ్గట్టు తేదీలు మాత్రం ఆలస్యంగా ఉంటాయి, ఇంగ్లండ్ దక్షిణాన ఉన్నవాళ్ళు రెండు మూడు వారాలు ముందుకి జరుపుకోవాలి. తోటపని కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు నన్ను అడిగితే ముందు ఇదే చెబుతాను, గార్డెనర్స్ వరల్డ్ రెండోది.

కానీ ఈ 16 ఏళ్ళలో అన్నిటికంటే మంచి సీజన్ ఏదంటే 2020 అంటాను. లాక్‌డౌన్‌లో బృందాలు తిరగలేక ప్రేక్షకులనే వీడియోలు తీసి పంపమన్నారు. బాల్కనీ కుండీలు, కాంక్రీటు పెరడు, కిటికీ గట్టు మీద నారు. ఎవరి మట్టి ఏమిటో వాళ్ళే చెప్పారు, పోయిన మొక్కలనీ చూపించారు. స్యూ కెంట్ అలా వీడియో పంపే ఈ కార్యక్రమంలోకి వచ్చింది. తల్లి గర్భంతో ఉన్నప్పుడు వాడిన థాలిడోమైడ్ అనే మందు వల్ల పుట్టుకతోనే చేతులు పొట్టిగా ఉన్నా, పాదాలతో మొక్కలు నాటుతుంది. చదువు ఉందా లేదా అని తగువులాడుకునే రెండు వర్గాలూ ఆవిడ విషయంలో నోరెత్తగా నేను వినలేదు. ప్రేక్షకుల వీడియోలు తర్వాత కూడా అప్పుడప్పుడు వస్తున్నాయి గానీ చాలవు, వారానికి పది నిమిషాలు వాటికే ఇవ్వాలి. అప్పట్లో పంపడానికి నేను సిగ్గుపడ్డాను. ఈసారి అడిగితే లావెండర్ దిబ్బ తీసి పంపుతాను, పక్కన నీళ్ళు నిండిన గుంత ఒకటి తవ్వి మరీ.