పరివేష్ పోర్టల్: దరఖాస్తు సులువే, లెక్కలే అసలు పని

నిర్మాణ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు చేరితే ఇళ్ల ప్రాజెక్టుకు పర్యావరణ అనుమతి కావాలి. దరఖాస్తు కేంద్ర పర్యావరణ శాఖ పోర్టల్ పరివేష్‌లోనే. ఫైలు ఎక్కడుందో, ఏ ప్రశ్న వేశారో తెరమీదే కనిపిస్తుంది. ఆ మేరకు మంచి మార్కులే.

కానీ మీ లెక్క తప్పితే పోర్టల్ దిద్దదు. ఎక్కువమంది బోల్తాపడేది విస్తీర్ణం దగ్గరే. మున్సిపల్ ప్లాన్ అలవాటుతో సెల్లార్ పార్కింగ్ వదిలేస్తారు. ఇక్కడ బేస్‌మెంట్లు, సర్వీస్ ఏరియాలూ కలపాలి. 18,000 అనుకున్నది 24,000 అవుతుంది. అనుమతి రాకముందే పునాదులు తవ్వితే ఉల్లంఘన కేసే.

తర్వాత నీళ్లు. 500 ఫ్లాట్లు, ఇంటికి 5 మంది, మనిషికి 135 లీటర్లు: రోజుకు 3,37,500 లీటర్లు. 80 శాతం మురుగు అనుకుంటే ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) రోజుకు 270 కిలోలీటర్లకు తగ్గకూడదు. శుద్ధిచేసిన నీరు ఫ్లష్‌కు వెళ్లాలంటే రెండో పైపులైను డ్రాయింగుల్లోనే ఉండాలి, స్లాబులు పడ్డాక కుదరదు.

సాధారణంగా పెట్టే షరతులు: 80 చదరపు మీటర్ల స్థలానికి ఒక చెట్టు, 5,000 చదరపు మీటర్ల నిర్మాణానికి వాననీటిని భూమిలోకి ఇంకించే ఒక రీఛార్జ్ బోరు.

స్థలాన్ని మ్యాపు మీద చూపే కేఎంఎల్ ఫైలు హద్దులు సర్వే స్కెచ్‌తో సరిపోవాలి. హైదరాబాద్‌లోనైతే 10 హెక్టార్లు దాటిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (నిండుగా ఉన్నప్పటి నీటి హద్దు) నుంచి కట్టడాలు లేకుండా వదలాల్సిన 30 మీటర్ల బఫర్ అదే మ్యాపులో గుర్తించి పెట్టడం మేలు. కన్సల్టెంటును నమ్మినా ఈ రెండూ మీరే చూసుకోండి.