మీటింగు అయ్యాక మొదటి వాన పడేదాకా మా గ్రౌండు బాగానే ఉంటుంది

మా స్టేడియంలో గ్యాలరీ ఎలా ఉంటుంది, బాత్రూముల సంగతేంటి, లైట్లు వెలుగుతాయా అని అడక్కండి. ఏ జిల్లా స్టేడియంలోనైనా నాలుగు రోజులు నడిచినవాళ్లకు అవన్నీ తెలిసినవే. నా బాధంతా సభల కోసం తవ్వే గుంతలతోనే.

ఉమ్మడి పాలమూరు నుంచి 2016 అక్టోబరులో విడిపోయి జిల్లా అయిన పట్టణాల్లో మాదొకటి. అంతకుముందు ఇది వట్టి కాలేజీ గ్రౌండు. జిల్లా రాగానే చుట్టూ గోడ లేచింది, గేటు మీద బోర్డు పడింది, దానితోపాటే గ్రౌండుకు పనీ పెరిగింది. జూన్ 2, ఆగస్టు 15, జనవరి 26 పరేడ్లు ఇక్కడే. దసరాకు రావణుణ్ణి కాల్చేదిక్కడే, దీపావళికి పటాకుల దుకాణాలిక్కడే. ఎండాకాలం ఎగ్జిబిషన్ వాళ్ల జెయింట్ వీల్, ఎలక్షన్లొస్తే సభలు. మిగిలిన రోజులు ఆటలకు. ఖోఖో ఆడే వయసు నుంచి నాకీ మట్టి తెలుసు. ఇప్పుడు పొద్దున నడవడానికి వస్తున్నా. మెడలో స్టాప్‌వాచ్ కనిపిస్తుంది కాబట్టి కానిస్టేబుల్ ఉద్యోగాలకు ప్రాక్టీసు చేసే పిల్లలు "కాకా, జర టైం చూడవా" అని నన్ను పట్టుకుంటారు.

2022 నోటిఫికేషన్ ప్రకారం మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలి. లాంగ్ జంప్, షాట్‌పుట్ వేరే. పరుగులంటే మా ట్రాక్ చుట్టూ నాలుగు రౌండ్లు, రెండు రౌండ్లు అన్నమాట. మాది 400 మీటర్ల ట్రాక్ కావడంతో చుట్టుపక్కల మండలాల పిల్లలంతా ఇక్కడికే వస్తారు.

ఆ ప్రాక్టీసు జోరుగా నడుస్తున్న రోజుల్లోనే ఒక పెద్ద సభ పెట్టారు. ఎవరిదని అడక్కండి, ఎవరిదైనా జరిగేది ఇదే. స్టేజీ ముందు ముఖ్యులు కూర్చునే చోటికి జనం తోసుకు రాకుండా బారికేడ్లు కట్టాలి కదా, వాటి బొంగులు ట్రాక్ లోపలి అంచు వెంబడే, సరిగ్గా మొదటి లేన్‌లో పాతారు. గడ్డపారలతో తవ్వుతుంటే అడిగాను. "సభ కాంగనే మొత్తం పూడుస్తం సార్" అన్నారు. మాట తప్పలేదు, పూడ్చారు. పొడి మట్టి, అందులోనే నీళ్ల ప్యాకెట్లు, డిస్పోజబుల్ గ్లాసులు. పైన పారతో సాపుగా గీకి పోయారు. మర్నాడు చూస్తే అక్కడ గుంత ఉండేదని ఎవరికీ అనుమానం రాదు.

దిమ్మిస కొట్టి గట్టిపరచని మట్టి వాన పడేదాకానే నిలబడుతుంది. మొదటి జల్లు పడగానే ఎక్కడికక్కడ జానెడు లోతుకు కుంగింది. అది కూడా గుంతలాగా కనిపించదు, పైన చిన్న నీటి మడుగుంటుంది అంతే. పొద్దున చీకట్లోనే వచ్చి 800 ప్రాక్టీసు చేసే అమ్మాయి ఒకతె రెండో మలుపులో సరిగ్గా అందులో కాలు పెట్టింది. మడమ మెలిక పడింది. మేం షూ విప్పేసరికే చీలమండ ఇంత లావున వాచింది. ఈవెంట్స్‌కు, అంటే ఆ పరుగు, జంప్ పరీక్షలకు, ఎన్నో రోజుల్లేవు.

ఆ పిల్ల గట్టిది. ఏడవలేదు. "పరుగు సంగతి నాకు టెన్షన్ లేదు కాకా, కట్టు కట్టుకుని ఉరుకుతా. జంప్‌కు ఎగిరేది ఈ కాలితోనే" అంది. నిజమే. 5 నిమిషాల 20 సెకన్లంటే ఆగకుండా మెల్లగా ఉరికినా చాలు. కానీ లాంగ్ జంప్‌లో 2.5 మీటర్లు, అలవాటైన కాలు లేకుండా దూకడమంటే రన్నప్ అంతా మళ్లీ మొదటి నుంచి లెక్క కట్టుకోవాలి. వాపు తగ్గిన దగ్గర్నుంచి రెండో కాలితో ఎగరడం నేర్చుకుంది. అడుగులు కుదరక బోర్డు దగ్గరికొచ్చి ఆగిపోయేది, మళ్లీ వెనక్కి పోయేది. చివరికి గట్టెక్కింది. ఆ కష్టం ఆమెకు ఎందుకు పెట్టాలి అన్నదే నా కోపం.

గుంతల దెబ్బ ఇంకో రకంగానూ తగిలింది. భయపడి పిల్లలంతా మొదటి లేన్ వదిలేసి నాలుగో లేన్‌కు జరిగారు. ఒక పిల్లాడు రోజూ 7 నిమిషాల 35 సెకన్లకు తగ్గట్లేదని దిగులు పడుతుంటే లెక్క వేసి చూపించాను. నాలుగో లేన్‌లో ఒక రౌండు దాదాపు 422 మీటర్లు. నాలుగు రౌండ్లకు 90 మీటర్లు అదనం. ఆ వేగంతో సరిగ్గా 1600 ఉరికితే 7 నిమిషాల 11 సెకన్లే. పాసైపోయి కూడా ఫెయిలయ్యానని ఏడుస్తున్నాడు పాపం.

ఆటల గ్రౌండులో సభలు పెట్టడం మా ఒక్క ఊరి రాత కాదులెండి. హైదరాబాద్‌లో ఎల్బీ స్టేడియం ఒకప్పటి ఫతే మైదాన్. 1955లో న్యూజిలాండ్ మీద పాలీ ఉమ్రిగర్ 223 కొట్టిందక్కడే, టెస్టుల్లో మనవాళ్ల మొదటి డబుల్ సెంచరీ. 1999లో సచిన్ 186 కొట్టి నాటౌట్‌గా నిలిచిందీ అక్కడే. 1983 జనవరిలో ఎన్టీఆర్ ప్రమాణ స్వీకారం చేసిందీ, 2023 డిసెంబరు 7న మన పాలమూరు మనిషి రేవంత్ రెడ్డి ప్రమాణ స్వీకారం చేసిందీ ఆ స్టేడియంలోనే. ఆటలూ సభలూ, రెండు పనులూ జరగాల్సిందే. జనం వేలల్లో కూర్చోవాలంటే మా పట్టణంలో మాత్రం ఇంకో జాగా ఏదీ? సభలు వద్దనడం లేదు నేను. దిమ్మిస వేసి పొమ్మంటున్నా.

న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. ఇంకోసారి హెలికాప్టర్ దిగాలని గ్రౌండులో ఒక మూల రోడ్డు రోలర్ తిప్పారు, దుమ్ము లేవకుండా ట్యాంకర్లతో తడిపి మళ్లీ తొక్కించారు. హెలికాప్టర్ కాసేపుండి పోయింది. ఆ మూల మాత్రం నేల ఎంత చదునుగా మిగిలిందంటే, షాట్‌పుట్ పిల్లలు సున్నంతో కొత్త సర్కిల్ గీసుకుని అక్కడికే మకాం మార్చారు. వాలీబాల్ వాళ్లు కూడా కన్నేశారు, రెండు రోజులు చిన్న గొడవ నడిచింది. ఎన్ని అర్జీలు పెట్టినా రాని రోలర్ అది!

మట్టి ట్రాకే మేలని అడిగిన ప్రతివాడికీ చెప్పేవాణ్ణి. ఇప్పటికీ చెబుతా, వానాకాలం వదిలేసి. నా మోకాళ్ల వయసుకు మట్టే సుఖం, ఇల్లు నడిచేంత దూరం, రూపాయి ఖర్చు లేదు. కానీ స్పైక్స్ వేసుకుని రాష్ట్ర స్థాయికి పోవాలనుకునే పిల్లలుంటే, హాస్టల్ ఖర్చు భరించే ఇల్లయితే, హైదరాబాద్ గచ్చిబౌలి స్టేడియం లాంటి చోట సింథటిక్ ట్రాక్ మీద అలవాటు చేయించండి. కానిస్టేబుల్ ఈవెంట్స్ వరకైతే మాది చాలు. సభ అయ్యాక వాన పడితే మాత్రం ముందు మొదటి లేన్ వెంట ఒక రౌండు నడవండి, తడి మచ్చ కనిపించిన చోటల్లా కర్రతో పొడిచి చూడండి, ఆ తర్వాతే షూ లేసులు కట్టుకోండి.