జాంగో రీడైరెక్టులు: పేజీ చేరుతుంది, పారామీటర్లే దారిలో జారిపోతాయి

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లుకు వడ్ల లోడ్ల లెక్క చూసే వెబ్ యాప్‌ను జాంగోలో, అంటే పైథాన్ భాషలో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్‌లో, కట్టాను. జాంగో 3 కాలం నుంచి 5.2 దాకా దాన్నే నెట్టుకొస్తున్నాను. అడ్మిన్, ఓఆర్ఎం, మైగ్రేషన్లు లాంటి దాని సౌకర్యాలు అందరూ మెచ్చుకునేవే, నాకూ వాటితో పేచీ లేదు. సతాయించింది మాత్రం రీడైరెక్టులు, అంటే బ్రౌజర్‌ను ఒక అడ్రసు నుంచి ఇంకో అడ్రసుకు మళ్లించడం.

మా దగ్గర కాంటా అయిన ప్రతి లారీకీ వాట్సాప్‌లో ఒక లింకు పోతుంది, అందులో ప్రశ్న గుర్తు తర్వాత లారీ నంబరు, తేదీ, సన్నాలా దొడ్డు వడ్లా అన్నది ఉంటాయి. ఇవే పారామీటర్లు, అన్నీ కలిపితే క్వెరీ స్ట్రింగ్. గుమస్తా నొక్కుతాడు, లాగిన్ అడుగుతుంది, అయ్యాక ఆ చీటీ తెరుచుకోవాలి. తెరుచుకునేది హోం పేజీ. "అన్నా, మళ్ల మొదటి పేజీకే పోతుంది, చీటీ ఏది?" యాసంగి కోతలప్పుడు గేటు బయట ట్రాక్టర్లు లైను కట్టి ఉండగా ఈ ఫోన్ వస్తే టెన్షన్ ఎట్లుంటదో మీకు చెప్పక్కర్లేదు.

ఇందులో జాంగో చేయాల్సింది జాంగో చేస్తుంది. లాగిన్ లేకుండా వచ్చినవాళ్లు అడిగిన అడ్రసును క్వెరీ స్ట్రింగ్‌తో సహా ఎన్‌కోడ్ చేసి (ప్రత్యేక గుర్తులను కోడ్‌గా మార్చి), నెక్స్ట్ అనే పారామీటర్‌లో పెట్టి లాగిన్ పేజీకి పంపుతుంది. ఆ తర్వాతే తిరకాసు. లాగిన్ ఫారం యాక్షన్‌లో, అంటే ఫారం ఎటు పోవాలో చెప్పే చోట, లాగిన్ యూఆర్ఎల్‌ను విడిగా రాసి ఉంటే, అడ్రసు బార్‌లోని నెక్స్ట్ ఫారం పంపే పోస్ట్ రిక్వెస్ట్‌తో పాటు వెళ్లదు, ఫారంలో నెక్స్ట్ పేరుతో కంటికి కనిపించని (హిడెన్) ఇన్‌పుట్ ఉండాల్సిందే. లేకపోతే సెట్టింగ్స్‌లో లాగిన్ రీడైరెక్ట్ యూఆర్ఎల్ ఎటు చూపిస్తే అటు పోతుంది. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఒక్క ముక్క ఉండదు. నాకు మండేది ఇక్కడే.

అంతకంటే మోసం చేసేది సగం పోయే కేసు. టెంప్లేట్‌లో (పేజీ హెచ్‌టీఎంఎల్ అచ్చులో) నెక్స్ట్ లింకును చేత్తో రాసి యూఆర్ఎల్ఎన్‌కోడ్ ఫిల్టర్ పెట్టకపోతే, మొదటి & గుర్తు దగ్గరే నెక్స్ట్ తెగిపోతుంది, మిగతావి లాగిన్ పేజీ సొంత పారామీటర్లయి కూర్చుంటాయి. లారీ నంబరు వస్తుంది, తేదీ రాదు. పేజీ తెరుచుకుంది కదా అని ఎవరూ అనుమానపడరు, ఆ లారీ పాత లోడ్లన్నీ కలిపి చూపిస్తుంటే సేటు అడిగేదాకా తెలియదు.

లాగిన్‌ను వేరే సబ్‌డొమైన్‌కు మార్చితే ఇంకో కథ. అప్పుడు నెక్స్ట్‌లో పూర్తి అడ్రసు వస్తుంది, హోస్ట్ (డొమైన్ పేరు) వేరు కాబట్టి జాంగో లాగిన్ నడిపే లాగిన్‌వ్యూ దాన్ని చప్పుడు చేయకుండా పక్కన పడేస్తుంది. ఎవడో దొంగ సైటుకు మళ్లించకుండా పెట్టిన కాపలా అది, ఉండాల్సిందే. సక్సెస్ యూఆర్ఎల్ అలౌడ్ హోస్ట్స్‌లో మన హోస్ట్ చేర్చితే సరిపోతుంది. కానీ డీబగ్ మోడ్‌లోనైనా ఒక వార్నింగ్ ఇస్తే దీని సొమ్మేం పోయింది?

రీడైరెక్ట్‌వ్యూ (మళ్లింపుకు జాంగో ఇచ్చే రెడీమేడ్ క్లాస్) వాడేవాళ్లు క్వెరీ స్ట్రింగ్ సెట్టింగ్ చూసుకోండి, డిఫాల్ట్‌గా ఫాల్స్, అంటే పారామీటర్లు గోవిందా. ఇంకోటి, జాంగోను తిట్టే ముందు దాని ముందు నిలబడే వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్ ఫైల్ తెరవండి. హెచ్‌టీటీపీఎస్‌కు మళ్లించే లైనులో డాలర్ యూఆర్ఐ ($uri) ఉంటే క్వెరీ అక్కడే ఊడిపోతుంది, డాలర్ రిక్వెస్ట్ అండర్‌స్కోర్ యూఆర్ఐ ($request_uri) ఉండాలి. పైగా 301 (శాశ్వత మళ్లింపు) అయితే బ్రౌజర్ గుర్తుపెట్టుకుంటుంది, సరిచేశాక కూడా మీ ఫోన్‌లో పాత దారే పడుతుంటే కంగారు పడొద్దు, ప్రైవేట్ విండోలో చూడండి.

వెతికే పద్ధతి నాకు ఒకటే: డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్, ప్రిజర్వ్ లాగ్ ఆన్, ప్రతి 302 (తాత్కాలిక మళ్లింపు) దగ్గరా లొకేషన్ హెడర్ చదవడం. ఏ మజిలీలో పారామీటర్ మాయమైందో అక్కడే కనిపిస్తుంది, కోడ్‌లో ప్రింట్లు చల్లుకుంటూ కూర్చోనక్కర్లేదు. దొరికినదానికి అసర్ట్ రీడైరెక్ట్స్‌తో ఒక టెస్ట్ రాసి పెడతాను.

2025 ఏప్రిల్‌లో వచ్చిన 5.2తో కొంత ఊపిరి ఆడింది. పేరు ఇస్తే అడ్రసు తయారుచేసే రివర్స్ ఫంక్షన్‌కు ఇప్పుడు క్వెరీని నేరుగా ఇవ్వొచ్చు, అంతకుముందు స్ట్రింగులు అతికించుకునేవాళ్లం. రీడైరెక్ట్‌కు ప్రిజర్వ్ రిక్వెస్ట్ ఇస్తే 302 బదులు 307 పోతుంది, పోస్ట్ డేటా పోస్ట్‌గానే చేరుతుంది. 4.2 మీదే ఉన్నవాళ్లు ఈ రెండింటి కోసమైనా మారొచ్చు. జాంగోకు నా మార్కులు ఐదుకు నాలుగు, ఆ పోయిన ఒకటి పారామీటర్‌ను పడేసి నోరు మెదపనందుకు.