స్పామ్‌అసాసిన్, ఆర్‌స్పామ్‌డి: పోస్ట్‌ఫిక్స్ సర్వరుకు ఏది?

మెయిళ్లను పంపి, అందుకునే ప్రోగ్రాము అయిన పోస్ట్‌ఫిక్స్‌తో సొంత మెయిల్ సర్వరు నడిపేవారికి స్పామ్ వడపోతలో ప్రధానంగా ఎదురయ్యే పేర్లు రెండు: పెర్ల్ భాషలో రాసిన స్పామ్‌అసాసిన్, సి భాషలో రాసి నియమాలకు లువా భాషను వాడుకునే ఆర్‌స్పామ్‌డి. రెండూ ఉచితమే, రెండూ ప్రతి మెయిల్‌కూ స్పామ్ అనుమానాన్ని బట్టి మార్కులు వేసేవే.

అసలు తేడా మార్కులు వేశాక కనిపిస్తుంది. స్పామ్‌అసాసిన్ మామూలుగా 5 మార్కులకు చేరిన మెయిల్‌పై స్పామ్ అని ముద్ర వేసి ఊరుకుంటుంది. దాన్ని తిప్పి పంపాలంటే అమావిస్ వంటి మరో ప్రోగ్రామును మధ్యలో పెట్టుకోవాలి. ఆర్‌స్పామ్‌డి మాత్రం మిల్టర్ పద్ధతిలో (మెయిల్ వస్తుండగానే సర్వరు దాన్ని వడపోత ప్రోగ్రాముకు చూపించే ఏర్పాటు), 11332 పోర్టు ద్వారా పోస్ట్‌ఫిక్స్‌తో నేరుగా మాట్లాడుతుంది. ముందే ఉన్న అమరిక ప్రకారం అది 4 మార్కులకు మెయిల్‌ను కాసేపాగి రమ్మంటుంది (దీన్నే గ్రేలిస్టింగు అంటారు), 6కు స్పామ్ అని తెలిపే హెడర్ (మెయిల్ పైభాగంలోని సమాచార పంక్తి) చేరుస్తుంది, 15కు గుమ్మంలోనే తిరస్కరిస్తుంది. తిరస్కరణ సంగతి పంపిన సర్వరుకు అప్పుడే తెలుస్తుంది కనుక, పొరపాటున ఆగిన మంచి మెయిల్ ఎవరికీ తెలియకుండా మాయమైపోదు. నా దృష్టిలో దానివైపు మొగ్గడానికి ఇదొక్కటే చాలు. మెయిల్ నిజంగా మన డొమైన్ నుంచే వచ్చిందని రుజువు చేసే డీకిమ్ సంతకం కూడా అదే చేసిపెట్టడం అదనపు లాభం.

అయితే ఆర్‌స్పామ్‌డిలో గ్రేలిస్టింగుకు రెడిస్ అనే డేటాబేస్ తప్పనిసరి, అంటే కనిపెట్టుకోవలసిన సర్వీసు మరొకటి పెరిగినట్టే. స్పామ్‌అసాసిన్‌కు ఆ బెడద లేదు. పైగా రెండు మూడు లైన్లలో సొంత నియమం రాసుకోవచ్చు. పాత మెయిళ్లను చూసి నేర్చుకునే దాని బేయీస్ వడపోతకు మాత్రం 200 స్పామ్, 200 మంచి మెయిళ్లు నేర్పితేనే అది పని మొదలుపెడుతుంది. ఇప్పటికే సవ్యంగా నడుస్తున్న చిన్న సర్వరులో స్పామ్‌అసాసిన్‌ను పీకేయనక్కర్లేదు. కొత్తగా కట్టేదైతే ఆర్‌స్పామ్‌డి మేలు.