ఆటోలో వచ్చే లూజు ఫినాయిల్ కొంటున్నారా? కర్నూలు వాళ్లూ, జాగ్రత్త

కల్లూరు, సి.క్యాంపు వైపు ఉండేవాళ్లు ముఖ్యంగా చదవండి. మైకు పెట్టుకుని ఆటోలో ఐదు లీటర్ల క్యాన్లు అమ్ముకుంటూ వస్తున్నారు. "హాస్పిటల్లో వాడేది అక్కా, క్రిములన్నీ ఖతం" అన్నాడు మాకు అమ్మినాయన. బకెట్ నీళ్లలో కాస్త పోసి, పాలలా తెల్లబడటం కూడా చూపించాడు.

తుడిచిన పూట ఇల్లంతా వాసన గుప్పుమంది. మర్నాటికి సింకు దగ్గర అదే కంపు, బాత్రూం మూలల్లో అదే జిగట. క్యాన్ మీద తయారీదారు పేరు, బ్యాచ్ నంబరు, తేదీ ఏమీ లేవు. ఆటో మళ్లీ వచ్చినప్పుడు నిలదీస్తే "ఇంకొంచెం ఎక్కువ పోయండక్కా" అని సలహా ఇచ్చాడు! డబ్బులు వాపసు మాటే ఎత్తలేదు.

తెల్లబడటం చూసి నమ్మొద్దు. నూనె, సబ్బు కలిసిన ద్రవం నీళ్లలో పడితే తెల్లగానే అవుతుంది. దానికీ క్రిములు చావడానికీ సంబంధం లేదు. వాసనా అంతే. నల్ల ఫినాయిల్ కొనేటప్పుడు డబ్బా మీద ఆర్.డబ్ల్యూ.సి. అనే అంకె చూడండి. టైఫాయిడ్ బ్యాక్టీరియాను చంపడంలో ఫినాల్ అనే రసాయనంతో పోలిస్తే అదెన్ని రెట్లు బలమైనదో ఆ అంకె చెప్తుంది. లూజు క్యాన్‌కు అంకె ఎక్కడిది?

అదే ఆటోలో బ్లీచింగ్ పౌడర్ కూడా ఉంది. తాజా పౌడర్‌లో దాదాపు మూడో వంతు క్లోరిన్ ఉంటుంది, వేడికీ తేమకీ అది తగ్గిపోతుంది. మన మే నెల ఎండలో ఊరంతా తిరిగిన సంచిలో ఏం మిగులుతుంది? మాకిచ్చిన పొట్లంలో గడ్డలే తప్ప ఘాటు లేదు.

ఇక యాసిడ్ సీసాలు. బాత్రూం యాసిడ్‌ను, బ్లీచింగ్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకండి, క్లోరిన్ గ్యాస్ వస్తుంది. పైగా ఆ యాసిడ్‌ను తాగునీళ్ల బాటిళ్లలోనే పోసి ఇస్తున్నారు. పిల్లలున్న ఇంట్లో ఎంత టెన్షనో ఆలోచించండి.

చాలా ఇళ్లలో క్రిములు ఎక్కువగా ఉండేది గిన్నెలు తోమే స్పాంజి, వంటింటి మసిగుడ్డలోనే. వాటిని మరిగించి ఎండలో వేస్తే క్రిములు చాలావరకు తగ్గుతాయి, మన ఊళ్లో ఎండకు కొదవా! గట్టు మీద ముందు సబ్బుతో జిడ్డు కడగాలి, జిడ్డుంటే ఏ మందూ సరిగా పనిచేయదు. తర్వాత లేబుల్ ఉన్న క్రిమిసంహారక ద్రవం పూసి, లేబుల్ మీద చెప్పినంతసేపు తడిగా ఉంచాలి.

ఇలాంటి క్యాన్ మీరూ కొనుంటే ఫొటో తీసి ఉంచుకోండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే ఫిర్యాదు తీసుకుంటారు.