విదేశాల్లో వైద్య సేవ: పదిహేను రోజుల శిబిరమా, ఏడాది పాటు అక్కడే ఉండడమా?

వైద్యం అందని ప్రాంతాలకు దేశం దాటి వెళ్లి సేవ చేయదలచిన వారికి ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటిది, సెలవు పెట్టి, ఖర్చులు చాలావరకు తామే భరించి, పది పదిహేను రోజుల శిబిరానికి వెళ్లిరావడం. రెండోది, 1971లో మొదలైన డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ వంటి సంస్థలో చేరి నెలల తరబడి అక్కడే పనిచేయడం. ఇందులో ప్రయాణం, వసతి సంస్థే చూసుకుని నెలనెలా కొంత వేతనం కూడా ఇస్తుంది.

శిబిరంలోని లోటు రక్తపోటు రోగి దగ్గర బయటపడుతుంది. పట్టీ చుట్టి చూస్తే పై అంకె 180 ఉంటుంది. దుబాసీ ద్వారా నాలుగు జాగ్రత్తలు చెప్పించి, నెలకు సరిపడా మాత్రలు చేతిలో పెట్టి పంపిస్తారు. ముప్పై ఒకటో రోజున ఆ మనిషి ఎవరి దగ్గరకు వెళ్లాలి? ఏళ్ల తరబడి వాడవలసిన మందును నెలకు మాత్రమే ఇచ్చి రావడాన్ని చికిత్స అనడానికి నాకు మనసొప్పదు. (ఆ మాత్రలైనా గడువు దగ్గరపడినవి కాకూడదు, విరాళంగా ఇచ్చే మందులు చేరేనాటికి వాటికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి.)

గ్రహణ మొర్రి, కంటి శుక్లం వంటి శస్త్రచికిత్సల్లో మాత్రం లెక్క మారుతుంది, ఎందుకంటే నిపుణుల బృందం కొద్ది రోజుల్లోనే ఎంతోమందికి శాశ్వతమైన మేలు చేయగలదు. అయితే అంగిలికి వేసిన కుట్లు విడిపోయి రంధ్రం పడితే చూసేందుకు స్థానిక వైద్యుడు ఉండి తీరాలి. అందుకే శిబిరానికి పేరిచ్చే ముందు, మనం వచ్చేశాక ఈ రోగులను ఎవరు చూస్తారని నిర్వాహకులను అడగాలి. సూటిగా జవాబు రాకపోతే ఆ శిబిరానికి వెళ్లకపోవడమే మంచిది.

దీర్ఘకాలం ఉండేవారికి స్థానిక భాష కొంతైనా పట్టుబడుతుంది, వాడిన మందు పనిచేసిందో లేదో కళ్లారా తెలుస్తుంది, అక్కడి నర్సులకు పని నేర్పే వ్యవధి దొరుకుతుంది. సాధారణ వైద్యులకు, నర్సులకు నేను ఈ దారినే సూచిస్తాను. అన్ని నెలలు ఉద్యోగం వదలలేని శస్త్రచికిత్స నిపుణులకు, మత్తు వైద్యులకు ఇలాంటి సంస్థల్లోనూ కొద్ది వారాల అవకాశాలు ఉంటాయి.

ఇక వైద్య విద్యార్థుల సంగతి. సొంత దేశంలో చేయడానికి అనుమతి లేని పనిని, రోగి పేదవాడైనంత మాత్రాన వేరే దేశంలో చేయకూడదు. వారు చదువు పూర్తయ్యే దాకా ఆగి, విమాన టికెట్టుకు దాచిన డబ్బును 1999లో ఏర్పడి తూర్పు, మధ్య, దక్షిణ ఆఫ్రికా దేశాల్లో స్థానిక సర్జన్లను తయారుచేస్తున్న కోసెక్సా వంటి కళాశాలకు పంపితే, ఆ శిక్షణ పొందిన సర్జన్ పదహారో రోజున కూడా ఆ ఊళ్లోనే ఉంటాడు.